చేతికి చుట్టిన తాడు

మా అన్న చేతికి తాడు దొరికితే ఊరికే పట్టుకోడు. అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని, ఆ పైన గుప్పిట బిగిస్తాడు. ఆళ్లగడ్డ పక్కన మా ఊళ్లో పందెపు ఎద్దుల్ని సాకిన మగవాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. బండలాగుడు పందేల దగ్గర పగ్గం అట్లా చుట్టుకోకపోతే, ఎద్దు ఒక్క విదిలింపు విదిలించి జనం మీదికి పోతుంది. నలభై ఏళ్లు అదే పని చేసిన చెయ్యి. ఆ అలవాటు ఒక ఆదివారం నడినీళ్లలో మా ప్రాణాల మీదికి తెచ్చింది. అందులో సగం తప్పు నాది. అన్న ఒప్పుకోడు గానీ నేను ఒప్పుకుంటాను.

నిరుడు అన్నకు గుండెలో స్టెంటు వేశారు. ఎద్దుల జోలికి పోవద్దు, బరువులు లాగొద్దు అన్నాడు డాక్టరు. రక్తం పలచబడే మాత్రలు రాసిచ్చి, గడ్డం గీసుకునేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండమన్నాడు. ఈ మాత్రలు వేసుకునేవాళ్లకు చిన్న గాటు పడినా రక్తం ఒక పట్టాన ఆగదన్నాడు. ఆ మాట నాకూ వదినకూ బాగా గుర్తుంది. అన్న మాత్రం ఆ గదిలో లేనట్టే ఉండిపోయాడు.

ఎద్దుల్ని అమ్మేశాక రెండు నెలలు మనిషి నోరు విప్పలేదు. తర్వాత ఉన్నట్టుండి చేపల మీద పడ్డాడు. శనివారం సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలలో మా ఇంటికి రావడం, ఆదివారం తెల్లారేసరికి వెలుగోడు పోవడం, పుట్టి ఎక్కి నీళ్ల మధ్యకు పోవడం. పుట్టి అంటే వెదురుబద్దలతో గంపలా అల్లి, కింద తారు పూసిన గుండ్రటి పడవ. అక్కడున్నది పేరుకు రిజర్వాయరు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చెరువనే అంటారు. కట్ట కట్టినప్పుడు మునిగిన చింతచెట్లూ తుమ్మచెట్లూ ఇంకా అడుగున మోడులై నిలబడి ఉన్నాయి.

వదిన నాకు ఫోన్ చేసి ఏడ్చింది. తను చెబితే వినడనీ, చెల్లెల్ని కాబట్టి నా మాటయితే వింటాడనీ, ఒక్కసారి వెంట పోయి ఆ నీళ్లు మాన్పించమనీ అడిగింది. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. మొండి పిల్లల్ని దారికి తేవడం నాకు రోజూ ఉండే పనే అనుకుని, పూచీ నాది అని మాటిచ్చాను. యాభై ఎనిమిదేళ్ల మొండి పిల్లవాడి సంగతి అప్పటికి నాకింకా తెలియదు.

నాకు ఈత వచ్చు. నేర్పింది అన్నే. మా చేని బావిలో, నా నడుముకు తాడు కట్టి, రెండో కొస పట్టుకుని మెట్టు మీద నిలబడేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పైకి చూస్తే తాడూ దాని వెనక అన్న చెయ్యీ కనపడేవి. ఎద్దునే వదలనివాడు నన్ను వదులుతాడా అన్న ధీమాతోనే నేను ఆ లోతులో కాళ్లూ చేతులూ ఆడించాను. మా అన్న తాడు చేతికి చుట్టుకుని నిలబడతాడని బళ్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ శనివారం అన్న కోడిపేగుల కవరొకటి తెచ్చి, నన్ను అడగకుండానే నా ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ల పక్కన పెట్టాడు. వాలుగచేపకు అదే ఎర అట. తన కూతురు హైదరాబాదు నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించిన లైఫ్ జాకెట్టు కూడా తెచ్చాడు. నారింజరంగుది, చీటీ కూడా తెంపలేదు. వేసుకుంటావా అని అడిగితే, పుట్టిలో కూర్చోడానికి మెత్తగా ఉంటుందన్నాడు. ఒళ్లు మండింది గానీ నోరు మూసుకున్నాను. పోట్లాట పొద్దున నీళ్ల మీద పెట్టుకుందామని దాచుకున్నాను.

ఆదివారం నా కారులోనే బయలుదేరాం. బండి ఆత్మకూరు అనే ఊరు దాటేసరికి తెల్లవారింది. ఒడ్డున అన్న ఎప్పుడూ పిలుచుకునే పుట్టి మనిషికి జ్వరమట. ఆయన భార్య వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, సన్నగా, మాట తక్కువ మనిషి. పుట్టి ఎక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఒంటికి ఏదీ కట్టుకోగూడదక్కా, ఈ పుట్టిలో. సంచి తియ్యి. కొంగు ఇప్పు."

నడుముకు దోపిన కొంగు విప్పించింది. భుజానికి తగిలించుకున్న సంచి తీసి అడుగున పెట్టించింది. వాళ్ల మామ కాలికి వల చుట్టుకుని పైకి రాలేకపోయాడట. అప్పటి నుంచి వాళ్ల పుట్టిలో ఎవరూ ఒంటికి ముడి వేసుకోకూడదు. అన్న బుద్ధిమంతుడిలా నడుముకున్న తుండుగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. ఒడ్డు కాస్త దూరమయ్యాక, ఆమె తెడ్డు వేయడంలో ఉండగా, మళ్లీ నడుముకు బిగించి ముడేశాడు. నడుముకు తుండు లేకపోతే మా అన్నకు గుడ్డల్లేకుండా కూర్చున్నట్టే. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు.

పొద్దుటంతా మామూలుగానే గడిచింది. అన్న జాకెట్టును మడిచి దాని మీద కూర్చుని, బొంగరపు తాడంత లావు నైలాన్ తాడు నీళ్లలోకి వదిలాడు. గాలపు కర్ర లేదు, ఏమీ లేదు, వట్టి చేత్తోనే. రెండు జెల్లచేపలు పడ్డాయి. నాకు ఆకలేసి, తెచ్చుకున్న జామకాయలు కోయడానికి పుట్టి ఆమెను కత్తి అడిగాను. ఆమె మోకాలి దగ్గర వెదురు అల్లికలో దోపుకున్న చిన్న కత్తి తీసిచ్చింది. కాయలు కోశాక కత్తి తుడిచి, శుభ్రంగా టిఫిను సంచిలో పెట్టాను. ఎక్కడి వస్తువు అక్కడ పెట్టాలని రోజూ పిల్లలకు చెప్పే టీచర్ని. చిత్రాన్నం తిని డబ్బా కూడా అందులోనే పెట్టాక, సంచి దారికి అడ్డంగా ఉందని అన్న దాన్ని తన కిందికి, జాకెట్టు పక్కకు తోసుకున్నాడు.

అప్పుడు నా పని మొదలుపెట్టాను. వదిన ఏడుస్తోందని చెప్పాను. గుండె సంగతి, మాత్రల సంగతి, నీళ్ల సంగతి వరసగా, లెక్క విడమర్చినట్టు చెప్పాను. అన్న వింటున్నాడో లేదో తెలియలేదు. నీళ్ల వైపు చూస్తూనే అన్నాడు.

"ఇంట్లో ఉంటే కొట్టం కనపడతాది మ్మే. ఈడ కనపడదు."

నా దగ్గరున్న లెక్కలన్నీ అక్కడ ఆగిపోయాయి. ఎద్దుల్ని తోలుకుపోయి కొట్టం ఖాళీ అయిన రోజు అన్న చేని నుంచి చీకటిపడేదాకా ఇంటికి రాలేదని వదిన చెప్పింది. ఈ మనిషిని నీళ్ల దగ్గరికి కూడా రానివ్వకపోతే ఇంకెక్కడికి పోతాడు అనిపించింది. ఇచ్చిన మాటకూ, ఎదురుగా ఉన్న అన్నకూ మధ్య నేను నీళ్లు నములుతుండగానే గాలి మారింది.

నల్లమల మీద మబ్బు కమ్మి ఉంది. పొద్దుటి నుంచీ ఉన్నదే గానీ, ఇప్పుడు కొండల అంచు కనపడటం లేదు. పుట్టి ఆమె అటు చూసి, బిరబిర పోదాం అంది. అన్న తాడు లాక్కోవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే అవతల నుంచి ఏదో గట్టిగా గుంజింది.

అన్న చెయ్యి దానంతటదే తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. మొహంలో ఏడాదిగా నేను చూడని వెలుగు వచ్చింది. వాలుగేనన్నాడు. తాడు సర్రున ఒక పక్కకు పోయింది, ఇంకో పక్కకు తిరిగింది, అంతలో టక్కున ఆగి బిగుసుకుంది. పుట్టి ఆ పక్కకు ఒరిగింది. పుట్టి ఆమె తెడ్డు ఆపి, తాడు వైపే చూసింది.

"అది చేప గాదన్నా. మోడుకు పడింది. ఇడుసు."

అన్న వదల్లేదు. చేపేనన్నాడు, తన చేతికి తెలుస్తోందన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. చేపయితే తాడు అదురుతుంది, ఇది అదరడం లేదు. చేప ఎప్పుడో కొక్కెం విదిలించుకుని పోయింది, కొక్కెం మోడులో దిగింది. ఇంత మాట ఆమె పొద్దుటి నుంచీ మాట్లాడలేదు. అన్న చెయ్యి ఇంకా బిగించాడు.

అప్పుడు గాలి వచ్చింది. మెల్లగా మొదలయ్యే గాలి కాదది, తలుపు తోసుకొచ్చినట్టు వచ్చింది. పుట్టికి ముందూ వెనకా ఉండవు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. గాలి ఒక పక్కకు తోస్తోంది, అడుగున మోడు ఇంకో పక్కకు పట్టుకుంది, ఆ రెండింటి మధ్య మా అన్న చెయ్యి ఉంది. తాడు వింటినారిలా బిగిసింది. అన్న వైపు అంచు కిందికి దిగి, ఒక అల లోపలికి వచ్చి నా ఒడిలో పడింది. పట్టిన జెల్లలు రెండూ నా కాళ్ల దగ్గర తేలాయి.

మొదట వదలనన్నాడు. తర్వాత వదల్లేకపోయాడు. చుట్టిన తాడు అరచేతి వెనక మాంసంలోకి దిగిపోయింది. వేళ్లు నీలంగా మారాయి. అన్న మొహం చూశాను. ఎద్దు తొక్కినప్పుడు కూడా కిమ్మనని మనిషి, పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. తాడు కింద నుంచి ఎర్రగా ఒక ధార మోచేతి దాకా వచ్చింది. చిన్న గాటు పడినా రక్తం ఆగదన్న డాక్టరు మాట నా చెవిలోనే ఎవరో చెబుతున్నట్టు వినపడింది.

ఇంకో గాలి విసురుకు అన్న అంచు మీదికి ఈడ్చుకుపోయాడు. సగం ఒళ్లు బయటికి వేలాడింది. నేను ముందుకు పడి, దొరికినదాన్ని పట్టుకున్నాను. దొరికింది నడుముకున్న తుండుగుడ్డ. ఎడమ చేత్తో పట్టుకుని వెనక్కి గుంజాను.

"కత్తి" అంది పుట్టి ఆమె. తెడ్డు వదిలే వీల్లేదు ఆమెకు. గాలికి ఎదురు తోస్తూ, పుట్టిని మోడు వైపు జరిపి తాడు వదులు చేయాలని చూస్తోంది. ఒక జాన ముందుకు పోతే రెండు జానలు వెనక్కి వస్తోంది. మోకాలి దగ్గర తడిమింది. అక్కడ కత్తి లేదు. నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరచిపోను.

సంచి అన్న కింద ఉంది. అన్న లేస్తే పుట్టి తిరగబడుతుంది. నేను అటు జరిగినా అటువైపు బరువెక్కి మునుగుతుంది. పుట్టి ఆమె నన్ను జరగమని, తాను ఎదురంచు మీదికి వెనక్కి వాలి కూర్చుంది. సగం ఒళ్లు నీళ్ల మీద పెట్టి, అక్కడి నుంచే తెడ్డు వేసింది. నేను పుట్టిలో నిలిచిన నీళ్లలో మోకాళ్ల మీద పాకాను. ఎడమ చెయ్యి తుండును పట్టుకునే ఉంది. కుడి చెయ్యి అన్న కిందికి పెట్టి తడిమాను. జాకెట్టు చేతికి తగిలింది, టిఫిను డబ్బా తగిలింది. సంచి తాళ్లు జాకెట్టు బకిల్‌లో ఇరుక్కున్నాయి. వేసుకోమన్నందుకు వేసుకోలేదు, ఇప్పుడు ఇది కూడా అడ్డమా అని ఏడుపొచ్చింది. చివరికి కత్తి అంచు వేలికి తగిలింది.

కత్తి బయటికి తీయగానే అన్న కళ్లు తెరిచాడు.

"నన్ను ఇడ్సి జరుగు మ్మే. పుట్టి తిరగబడతాది. నువ్వు ఈదుకుంటా పో."

గమ్మునుండు అన్నాను. జీవితంలో మొదటిసారి అన్నను ఆ మాట అన్నాను. కత్తి చేతికి తగలకూడదు. అలల మీద ఎగిరిపడుతున్న పుట్టిలో, రక్తంతో జారుతున్న చేతికి జానెడు దూరంలో తాడు కోయాలి. మొదటిసారి గాలిలోకి పోయింది. రెండోసారి తాడుకు తగిలి జారింది. మూడోసారి తాడు పుట్టి అంచుకు ఆనిన చోట కత్తి పెట్టి, రంపంలా ముందుకూ వెనక్కూ లాగాను. టప్పున తెగింది. పుట్టి అంచు ఎగిరి, మేం ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డాం. పుట్టి రెండుసార్లు గిర్రున తిరిగింది గానీ తిరగబడలేదు.

ఒడ్డు దాకా ఎంతసేపు పట్టిందో చెప్పలేను. వాన మొదలైంది. పుట్టి ఆమె గాలికి ఎదురుపోకుండా, గాలి తోసే వైపే పక్కకు తిప్పుకుంటూ తీసుకుపోయింది. నేను కొంగు ఉండచుట్టి, కుడి చేత్తో అన్న గాయం మీద అదిమి పట్టాను. కొంగు తడిసింది, మడత మార్చాను, మళ్లీ తడిసింది. అన్న ఎడమ చేత్తో టిఫిను డబ్బా పట్టుకుని నీళ్లు తోడిపోస్తున్నాడు. ఆ నీళ్లు ఎర్రగా ఉన్నాయి. వదినకు ఏం చెప్పాలి, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అన్నదొక్కటే నా తలలో తిరుగుతోంది.

పుట్టి అడుగు మట్టికి తగిలింది. అన్న లేవబోయాడు, లేవలేకపోయాడు. నేనూ లేవలేకపోయాను. ఏదో పట్టి లాగుతోంది. పుట్టి ఆమె తెడ్డు పక్కన పడేసి మా దగ్గరికి వచ్చి, వంగి చూసింది.

"నువ్వు గూడా ఇడుసక్కా. గట్టుకొచ్చినాం."

అప్పుడు చూశాను. తుండు కొస నా ఎడమ చేతికి రెండు చుట్లు తిరిగి ఉంది. ఎప్పుడు చుట్టుకున్నానో నాకు తెలియదు. అవతలి కొస అన్న నడుముకు ముడేసి ఉంది. పుట్టి తిరగబడి ఉంటే ఇద్దరం ఒక్క తాడుకు కట్టేసినట్టు కిందికి పోయేవాళ్లం. వచ్చిన ఈత దేనికీ పనికొచ్చేది కాదు. ఆమె నా వేళ్లను ఒక్కొక్కటే విప్పింది. వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, వంగలేదు. అన్న నా చేతినే చూస్తున్నాడు.

ఆత్మకూరులో ఒక ఆసుపత్రికి పోయాం. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా నా ఎడమ చెయ్యి భగ్గుమంది. అన్న పక్క సీట్లో కూర్చుని, తన చేతిని తనే అదిమి పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ ఉన్నాడు. డాక్టరు చాలాసేపు నొక్కి, కట్టి, విప్పి, చివరికి కుట్లు వేశాడు. రక్తం ఆగిందని ఆయన చెప్పేదాకా నేను గోడకానుకుని నిలబడే ఉన్నాను. ఆగిందన్నాక ఎవరున్నారో చూసుకోకుండా భోరుమని ఏడ్చాను.

తర్వాత అన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. భయం పోయిన చోట కోపం వచ్చింది. ఎందుకు చుట్టుకున్నావని అడిగాను. చెయ్యి అలవాటు అన్నాడు. నాకు మండిపోయింది. ఆ చేత్తోనే కదా బావిలో నాకు ఈత నేర్పావు, అప్పుడు నేను బరువులేని చిన్నపిల్లని కాబట్టి నువ్వు లోపలికి పడకుండా బతికిపోయావు, ఎద్దూ మోడూ మనిషీ అన్నీ ఒకటేనా నీకు అని అరిచాను.

అన్న నా వైపు తిరిగాడు.

"నీ తాడు ఎప్పుడూ చుట్టుకోలే."

నాకు అర్థం కాలేదు. నేను చూశానన్నాను, నాకు గుర్తుందన్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు.

"గుప్పిట్లో వదులుగా పట్టుకుంటాంటి. నాయన అట్లనే పట్టుకోమన్నాడు. నువ్వు మునిగి గుంజితే, చుట్టుకున్నోడు గూడా లోపలికి పడతాడు. అప్పుడు తీసేదెవరు మ్మే? పైన ఒకరుండాల."

"నీకు ఈతొచ్చు గదా. నువ్వెందుకు చుట్టుకుంటివి?" అన్నాడు.

నలభై ఏళ్లుగా నేను ధీమాగా తలుచుకున్న ఆ చుట్లు అసలు లేనే లేవు. ఆ పదిహేడేళ్ల పిల్లవాడు మెట్టు మీద వదులు తాడుతో నిలబడి, అవసరమైతే దూకడానికి కాచుకుని ఉన్నాడు. నేను మాత్రం ఇంత వయసొచ్చీ, కళ్లు మూసుకుని, ఆయనతో పాటు పోవడానికి కట్టేసుకున్నాను. బుద్ధిలేని పని. మళ్లీ అట్లాంటి గాలిలో కూర్చోబెడితే ఇంకోలా చేస్తానని మాటివ్వలేను.

ఫోన్ మోగింది. వదిన. తడిసిన ఫోన్ ఇంకా పనిచేస్తున్నందుకు తిట్టుకుంటూ కుడి చేత్తో తీశాను. పోయిన పని అయిందా, మాన్పించావా అని అడిగింది. అన్న మంచం మీద నుంచి కట్టు లేని చెయ్యి చాపి, నా ఎడమ చేతిని తన దగ్గరికి లాక్కున్నాడు. ఒక్కో వేలినీ మెల్లగా వంచి, ఎక్కడ నొప్పి పుడుతుందోనని నా మొహం చూస్తున్నాడు. పందెం నుంచి తిరిగొచ్చిన ఎద్దు కాలి గిట్టల్ని అట్లాగే చూసేవాడు.

ఇద్దరం బాగున్నాం వదినా, మిగతాది ఇంటికొచ్చి చెబుతాం అన్నాను.